అచ్చియ్యమ్మ మెచ్చిన కుర్చీ

కాళ్ళు కడుక్కున్నావా? తుడుచుకున్నావా? తడికాళ్ళతో దుప్పట్లో దూరావంటే వీపు విమానం మోత మోగుతుంది, ముందే చెబుతున్నాను. ఆఁ, ఇప్పుడు రా. ఇలా నా చేతి మీద తల పెట్టుకో. ఊఁ కొట్టాలి సుమా. ఊఁ ఆగిందంటే కథా ఆగిపోతుంది, తర్వాత నన్నని లాభం లేదు.

అనగనగా కాలవగట్టు మీద ఒక ఊరు. ఆ ఊరి పేరు నల్లరేవు. ఆ ఊళ్ళో వీర్రాజు అని ఒక గాజులమ్ముకునేవాడు ఉండేవాడు. గాజుల మలారం, అదే గాజులు గుచ్చిన తాళ్ళ గుత్తి, భుజానేసుకుని ఊరూరా తిరిగేవాడు. తీర్థం, అంటే తిరునాళ్ళు, ఎక్కడుంటే వాడక్కడ. ఇంట్లో ఉండేది ఇద్దరే ఆడవాళ్ళు. ఒకావిడ వాడి తల్లి అచ్చియ్యమ్మ. రెండోది వాడి పెళ్ళాం వరహాలు.

అచ్చియ్యమ్మకి చూపు లేదు. పుట్టుగుడ్డి కాదులే. నడివయసులో ఒంటినిండా అమ్మవారు పోసింది. అమ్మవారంటే మశూచి. ఇప్పుడది లేదు, భయపడకు. ప్రాణం దక్కింది గానీ కళ్ళు పోయాయి. పాపం, మొదట్లో గోడలు పట్టుకుని ఏడ్చేదిట. ఆ తర్వాత మెల్లిమెల్లిగా ఆవిడ చేతులకి చూపొచ్చింది. చేటలో బియ్యం పోసిస్తే ఒక్క రాయి లేకుండా ఏరేసేది. చీర అంచు తడిమి ఏ ఊరి నేతో చెప్పేసేది. "అచ్చియ్యమ్మకి కళ్ళు వేళ్ళకున్నాయి" అనేవారు ఊళ్ళోవాళ్ళు. ఆ మాట వింటే ఆవిడకి బోలెడు గర్వం. చేతులు ఒకసారి పైటకి తుడుచుకుని మరీ నవ్వేది.

వరహాలు కాపురానికి వచ్చేసరికి ఆ ఇంట్లో ఏముంది? ఒక చాప, నాలుగు కుండలు, మలారం తగిలించే మేకు. అంతే. వరహాలుకేమో ఇల్లు అందంగా ఉంచుకోవాలని ఒకటే ఆశ. కానీ గాజులమ్ముకునేవాడి ఇంటికి కొత్త సామాను ఎక్కణ్ణించి వస్తుంది చెప్పు? అందుకని అత్తాకోడళ్ళిద్దరూ లక్ష్మీవారం లక్ష్మీవారం, గురువారమన్నమాట, పాత సామాన్ల సంతకి బయల్దేరేవారు.

ఆ సంత కాలవ రేవులోనే జరిగేది. ఎక్కడెక్కడి మేడల్లోంచో, ఎత్తేసిన కాపురాల్లోంచో సామాను పడవలకెక్కి వచ్చేది. మంచాలు, బల్లలు, దీపపు సెమ్మెలు, గంగాళాలు, ఒకటేమిటి! అమ్మేవాడు మస్తాను. వాడి పెళ్ళానికి గాజులంటే పిచ్చి. గాజులిస్తే చాలు, సామాను ఇచ్చేసేవాడు.

"పరాయివాళ్ళు వాడి పారేసినవి మనకెందుకత్తయ్యా?" అంది వరహాలు మొదటిసారి, మొహం ముడుచుకుని.

"పారేసినవి కావే పిచ్చిదానా. వాడగా వాడగా మంచివైనవి" అంది అచ్చియ్యమ్మ.

ఆ రోజు అక్కడ కుర్చీలు కుప్పగా పడున్నాయి. వరహాలు కళ్ళు నిగనిగలాడే కుర్చీ మీద పడ్డాయి. అచ్చియ్యమ్మ చేతులు మాత్రం ఒక మూలనున్న పాత కుర్చీ దగ్గర ఆగిపోయాయి. రంగు వెలిసింది, పేము కాస్త వదులైంది. ఆవిడ దాని చెయ్యి మీద తన చెయ్యి వేసి నిమిరింది. కుడివైపు కొసన చిన్న గుంట తగిలింది. వేలు పెడితే అందులో ఒదిగిపోయింది.

"ఒసే వరహాలూ, ఈ కుర్చీలో ఎవరో పెద్దాయన ఏళ్ళ తరబడి కూచున్నాడే. ఏదో పాడుకుంటూ ఇదిగో, ఇక్కడ వేలితో తాళం వేసుకునేవాడు. కోపిష్టివాడి కుర్చీ ఇంత నున్నగా ఉండదు. ఇది మన ఇంటికి రావాలి" అంది.

సరే, ఆ కుర్చీ ఇంటికొచ్చింది. పరాయింటి సామాను గడప దాటితే ఊరికే లోపల పెట్టుకోకూడదు కదా. పసుపునీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, "మా ఇంటికొచ్చావు, ఇక మాదానివి" అని చెప్పి మరీ లోపలికి తెచ్చారు. అప్పుడు వరహాలు ఆ కుర్చీలో ఒకసారి కూచుంది. కూచుని ఇంక లేవదే! అత్త నవ్వింది.

ఆ తర్వాత ఇంకో లక్ష్మీవారం ఎత్తుపీట వచ్చింది. నీళ్ళబిందె పెట్టుకోడానికి. దానికి ఒక కాలు రవ్వంత పొట్టి. చెయ్యి తగిలితే చాలు, టక్కుమనేది. "ఇది అవిటిదత్తయ్యా" అంది వరహాలు. "ఉండనీవే. నేనిక్కడున్నానని అదే నన్ను పలకరిస్తుంది" అంది అచ్చియ్యమ్మ. ఆ రోజు నుంచి ఆవిడ ఎవరినీ అడక్కుండా నీళ్ళు ముంచుకుని తాగేది.

ఆ తర్వాత అద్దం వచ్చింది. చూపులేనావిడకి అద్దమేమిటి అని నవ్వుతున్నావా? మస్తానూ అలాగే నవ్వాడు. ఆ అద్దానికి చుట్టూ కొయ్యచట్రం, చట్రం నిండా చెక్కిన చిలకలు. ఒక్కో చిలక ముక్కు, రెక్క, తోక అన్నీ వేళ్ళకి తగిలేవి. లోపల అద్దం మాత్రం మచ్చలు పడింది. "అద్దం నీకు, చిలకలు నాకు" అంది అచ్చియ్యమ్మ. పొద్దున్నే వరహాలు అందులో చూసుకుని బొట్టు పెట్టుకునేది. ఆవిడేమో పక్కన నిలబడి చిలకల్ని ఒక్కొక్కదాన్నీ నిమిరేది. ఒక అద్దంలో ఇద్దరూ ముస్తాబయ్యేవారన్నమాట.

అలా ఒక్కొక్కటే వచ్చి ఇల్లు నిండింది. ఒకటి ఎరుపు, ఒకటి బూడిదరంగు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. దేనికీ దేనికీ పోలిక లేదు. అయినా ఆ ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళకి లేవబుద్ధి అయ్యేది కాదు. ఎక్కడ చెయ్యి వేసినా నునుపే. ఊళ్ళో ఆడవాళ్ళు సంతకి వెళ్ళాలంటే అచ్చియ్యమ్మని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆవిడ ముట్టుకుని ఊఁ అంటే కొనేవారు, ఊహూఁ అంటే వదిలేసేవారు.

ఇంకో ముచ్చట చెప్పనా? రోజూ దీపాలవేళ అచ్చియ్యమ్మ ఆ కుర్చీలో కూచుని గుంటలో వేలు పెట్టుకుని అడిగేది. "చెప్పవే, మన ఇల్లు ఇవాళ ఎలా ఉంది?"

వరహాలు చెప్పేది. "దీపం వెలుగు అద్దం మీద పడిందత్తయ్యా. చిలకల నీడ గోడ మీదికొచ్చింది. బిందె మెరుస్తోంది." అది వింటూ ఆవిడ కళ్ళు మూసుకునేది. లేని కళ్ళు మూసుకోవడమేమిటంటావేమో. మూసుకునేది మరి. అత్తాకోడళ్ళంటే అలా ఉండాలే. ఇద్దరూ తల్లీబిడ్డల్లా ఉండేవారు.

ఊఁ కొట్టడం మానేశావే? ఆఁ, అలా కొట్టు. అసలు సంగతి ఇప్పుడే వస్తోంది.

ఒకసారి వాళ్ళింటికి మాణిక్యం చుట్టపుచూపుగా వచ్చింది. అచ్చియ్యమ్మ అక్క కూతురు. వరహాలుకి వదినవుతుంది. పట్నంలో ఉంటుంది, డాబా ఇల్లు. లోపలికి వస్తూనే చుట్టూ చూసి కిసుక్కున నవ్వింది.

"ఇది ఇల్లా, సంతా? ఒకదానికొకటి పొంతనే లేదు. మా ఇంట్లో చూడాలి నువ్వు. కుర్చీ, పీట, అద్దం అన్నీ ఒకే నలుపు, ఒకే వార్నిషు. కళ్ళు చెదురుతాయి!" అంది.

నాలుగు రోజులుండి, కాకినాడ కాజాల పొట్లం ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మనిషి పోయింది గానీ మాట పోలేదు. అప్పటిదాకా వరహాలు తన ఇంటిని తన కళ్ళతో చూసుకునేది. ఇప్పుడేమో మాణిక్యం కళ్ళతో చూడ్డం మొదలెట్టింది. కుర్చీ వెలిసిపోయినట్టు కనబడింది. పీట అవిటిగా కనబడింది. అద్దంలో మొహం కంటే మచ్చలే ఎక్కువ కనబడ్డాయి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఊరికే అన్నారా?

ఒకరోజు అచ్చియ్యమ్మ పురాణం వినడానికి గుడికి వెళ్ళింది. అప్పుడు వరహాలు పాత కుర్చీ నెత్తిన పెట్టుకుని మస్తాను దగ్గరికి వెళ్ళింది. దాన్నిచ్చి, పైన గాజులిచ్చి, నల్ల వార్నిషు కుర్చీ తెచ్చుకుంది. సరిగ్గా అదే చోట వేసింది. పసుపునీళ్ళు కూడా చల్లలేదు, తొందరలో.

అత్త వచ్చి కూచుంది. వేలు గుంట కోసం వెళ్ళింది. గుంట లేదు. ముందుకి వెతికింది, వెనక్కి వెతికింది.

"ఏమే, కుర్చీ మార్చావా?" అంది.

అవునని ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కాసేపు నొచ్చుకునేది, అంతేగా. కానీ అత్తకి ఆ కుర్చీ ఎంత ఇష్టమో వరహాలుకి తెలుసు. ఆవిడ మొహం చిన్నబోతే చూళ్ళేనని నోరు జారింది. "లేదత్తయ్యా, అదే కుర్చీ. కాస్త నూనె రాసి తుడిచాను" అంది. రేపు మెల్లిగా నిజం చెబుదాంలే అనుకుంది. రేపటికి రూపేముంది? రేపు రేపే అయింది.

"అలాగా" అంది అచ్చియ్యమ్మ.

ఆ తర్వాత ఎత్తుపీట పోయి నల్లపీట వచ్చింది. అచ్చియ్యమ్మ నీళ్ళకి వెళ్ళింది. టక్కుమనలేదు. పీట ఎత్తు వేరు. చెయ్యి తగిలి చెంబు కాస్తా కింద పడింది, నీళ్ళన్నీ ఒలికిపోయాయి. "పీట మారిందేమిటే?" అంది. "లేదత్తయ్యా, పొట్టికాలి కింద చెక్క పెట్టాను. అంతే" అంది వరహాలు. అచ్చియ్యమ్మ కిందకి వంగి, తన పైటతోనే నీళ్ళు తుడిచింది. "నా మతి మండా, చూసుకోలేదు" అని తనని తానే తిట్టుకుంది.

ఆ తర్వాత అద్దం. కొత్తదానికి చిలకలు లేవు, చుట్టూ తీగా పువ్వులూ ఉన్నాయి. పొద్దున్నే అచ్చియ్యమ్మ వచ్చి చెయ్యి పెట్టింది. పెట్టి చాలాసేపు తడిమింది.

"చిలకలేవే?"

"అవిగో అత్తయ్యా. మీ వేళ్ళ కిందే ఉన్నాయిగా."

ఆ మాట అనడానికి దానికి నోరెలా వచ్చిందో! అనేసింది. అచ్చియ్యమ్మ వేళ్ళు ఒక పువ్వు మీద ఆగాయి. "ఆఁ. ఉన్నాయి, ఉన్నాయి" అంటూ చెయ్యి తీసేసుకుంది. ఆ తర్వాత ఆవిడ అద్దం దగ్గరికి రాలేదు.

అదేమిటి, వీర్రాజు చూస్తూ ఊరుకున్నాడా అంటావా? వాడు తీర్థాల మీంచి వచ్చి చూశాడు. "అమ్మకి చెప్పావా?" అన్నాడు. "నేను చెబుతాలే, నువ్వు మధ్యలో దూరకు" అంది వరహాలు. వాడు పులుసు పోసుకుని అన్నం తిని పడుకున్నాడు. గొడవ లేకపోతే చాలు వాడికి. మగవాళ్ళు కొందరంతే.

మాణిక్యం మళ్ళీ వచ్చింది. "ఇప్పుడు బాగుందే! అచ్చం మా ఇంట్లాగే ఉంది" అంది. వరహాలు పొంగిపోయింది. ఆ పొంగులో ఒక సంగతి చూసుకోలేదు. అత్త కుర్చీలో కూచోడం మానేసింది. గోడవారగా చాప వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూచుంటోంది. దాహం వేస్తే "కాసిని నీళ్ళియ్యవే" అని అడుగుతోంది. దీపాలవేళ ఇల్లెలా ఉందని అడగడమే లేదు.

ఒకరోజు వరహాలు ఎప్పట్లాగే బియ్యం చేట తెచ్చి ముందు పెట్టింది. "నువ్వే ఏరుకో తల్లీ. నా వల్ల కాదు" అని చేటని పక్కకి జరిపేసింది అచ్చియ్యమ్మ. పెద్దదైపోయింది కదా, ఓపిక తగ్గిందేమో అనుకుంది వరహాలు. అలా అనుకుంటేనే దానికి సుఖంగా ఉంది మరి.

అప్పుడు పక్కింటి బుల్లెమ్మ ఊరినుంచి వచ్చింది. కూతురి పురుడు పోయడానికి వెళ్ళి అన్నాళ్ళూ అక్కడే ఉండిపోయింది. అచ్చియ్యమ్మకి మంచి నేస్తం. వస్తూనే చాప మీద చతికిలబడి, "అక్కా, రేపు లక్ష్మీవారం. మనవడికి ఉయ్యాల కావాలి. సంతకి రా, ముట్టుకుని చెబుదువుగాని" అంది.

అచ్చియ్యమ్మ తల అడ్డంగా ఊపింది.

"నన్ను పిలవకే బుల్లెమ్మా. నా చేతులు పాడైపోయాయి."

"పాడవడమేమిటి, తిమ్మిరా?"

"తిమ్మిరైతే బాగుండును. చూపు పోయింది వాటికి. మా కుర్చీ నాకే తెలియడం లేదు. వేలు పెడితే గుంట దొరకదు. నా పీట నాకు తెలియడం లేదు. చిలకలు చేతి కిందే ఉన్నాయని పిల్ల చెబుతోంది, నాకేమో పువ్వుల్లా తగిలాయి. మొదట్లో సామాను మార్చిందేమో అనుకున్నాను. ఛీ, పాడు బుద్ధి అనుకున్నాను. మా వరహాలు అబద్ధమాడే పిల్ల కాదు. అప్పుడు కళ్ళు పోయాయి, ఇప్పుడు చేతులు పోయాయి. ఇంక నేనెందుకే?" అంది. అని చిన్నపిల్లలా ఏడ్చింది.

బుల్లెమ్మకి కళ్ళున్నాయిగా. నల్లకుర్చీ చూసింది, నల్లపీట చూసింది, అద్దం చూసింది. ఆ తర్వాత గుమ్మంలో నిలబడ్డ వరహాలుని చూసింది.

వరహాలు చేతిలో చేట జారిపోయింది. బియ్యమంతా ఒలికింది. పరిగెత్తుకొచ్చి అత్త కాళ్ళ మీద పడింది.

"అత్తయ్యా, మీ చేతులకేం కాలేదు. తప్పంతా నాదే. కుర్చీ మార్చేశాను, పీట మార్చేశాను, చిలకల అద్దం ఇచ్చేశాను. మీకు ముమ్మారూ అబద్ధం చెప్పాను. నన్ను తిట్టండి, కొట్టండి" అని ఏడ్చింది.

అచ్చియ్యమ్మ కన్నీళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత వరహాలు తల నిమిరింది. ఏం చేసిందో తెలుసా? నవ్వింది.

"నేనేడుస్తున్నానని ఇంత కథ అల్లావా తల్లీ! నీకు అబద్ధాలు రావే. పుట్టి బుద్ధెరిగాక నువ్వాడిన మొదటి అబద్ధం ఇదే కాబోలు. నాకోసం ఆడావు. నీ కడుపు చల్లగా ఉండాలి" అంది.

అయ్యో రాత! అబద్ధం చెప్పినన్నాళ్ళూ నమ్మింది. నిజం చెబితే నమ్మలేదు.

"నిజమే అక్కా" అంది బుల్లెమ్మ. "నువ్వు కూడానా?" అంది అచ్చియ్యమ్మ. వీర్రాజు రాగానే వాడిచేత చెప్పించింది వరహాలు. "నిజమేనమ్మా, నేను చూశాను" అన్నాడు. "ముగ్గురూ కూడబలుక్కున్నారు, మంచి పిల్లలు" అంది. చేటలో రాళ్ళు కలిపి ఇచ్చి, ఏరి చూడమన్నారు. ఏరింది. ఒక్క రాయి మిగల్లేదు. "మీరే ముందు ఏరేసి, పెద్దవి నాలుగు కలిపుంటారు" అని చేట పక్కన పెట్టేసింది. మనసుకి ఒకసారి పట్టుకున్న చెదలు అంత తొందరగా వదలదే.

అప్పుడు వరహాలు అనుకుంది. నోటిమాట పనికిరాదు. ఆ సామానే వెనక్కి తెస్తాను. ఆవిడ వేలు ఆ గుంటలో పడితే అప్పుడు నమ్మక ఛస్తుందా! అనుకుని మస్తాను దగ్గరికి పరిగెత్తింది.

"పీట ఏదీ?" అంది. "పీట కాకాహోటలు వాడు తీసుకున్నాడమ్మా. కాలు ఊడితే పొయ్యిలో పెట్టేశాడట" అన్నాడు.

"అద్దం ఏదీ?" అంది. "అద్దం పడవెక్కి ఎగువకి పోయింది. ఏ ఊరని చెప్పను?" అన్నాడు.

"కుర్చీ ఏదీ?" అంది. "కుర్చీ మాత్రం ఉంది. పక్క ఊళ్ళో మంగలి కోటిలింగం కొట్లో వేసుకున్నాడు" అన్నాడు.

వరహాలు ఆ పళంగానే కాలవగట్టు వెంట నడిచింది. ఎండలో చెప్పుల్లేకుండా నడిచింది. కోటిలింగం ఊరికే ఇస్తాడా? నల్లకుర్చీ, నల్లపీట, కొత్త అద్దం మూడూ తెచ్చిస్తానంది. అద్దం పేరు వినగానే వాడు సరేనన్నాడు. కుర్చీ నెత్తిన పెట్టుకుని ఇంటికి బయల్దేరింది. దాని సంతోషం చూడాలి! గుమ్మంలోంచే కేకేసింది.

"అత్తయ్యా, మన కుర్చీ తెచ్చాను! మన కుర్చీ! పట్టుకు చూడండి!"

అచ్చియ్యమ్మ ఆత్రంగా లేచింది. గోడ పట్టుకుని వచ్చింది. ఎన్నాళ్ళకో ఆ చేతులు ఒళ్ళోంచి లేచాయి. కుర్చీ చెయ్యి మీద తన చెయ్యి వేసింది. నిమిరింది. కుడివైపు కొసకి వెళ్ళింది. వెతికింది.

వరహాలు అప్పుడు చూసింది కుర్చీని సరిగ్గా. రంగు వేశారని తెలుసు గానీ, దొరికిందన్న సంబరంలో చెయ్యి కొస చూడనే లేదు. కోటిలింగం దాన్ని వడ్రంగి చేత చిత్రిక పట్టించాడు. పై చెక్కంతా లేచిపోయింది. మీద ఆకుపచ్చ రంగు పట్టించాడు. గుంట లేదు. నునుపు లేదు. చేతికి రంగు గరగరలాడుతోంది.

"గుంట ఏదే?" అంది అచ్చియ్యమ్మ.

"చిత్రిక పట్టేశారత్తయ్యా. కానీ ఇది మనదే. ఒట్టు. మనదే అత్తయ్యా."

అచ్చియ్యమ్మ చెయ్యి అలాగే కాసేపు ఉంది. ఆ తర్వాత మెల్లిగా తీసుకుంది.

"మనదే అయుంటుందిలే తల్లీ. చూశావా మరి? ఎదురుగా పెట్టినా పోల్చుకోలేదు నా చెయ్యి" అంది.

ఏమిటీ? ఇది వేరే కుర్చీ అని చెప్పేస్తే సరిపోయేదిగా అంటావా? ఓసి గడుసుదానా! వరహాలుకీ ఆ మాట తట్టింది. తట్టేసరికి ఏముంది, అప్పటికే మన కుర్చీ మన కుర్చీ అని ఊరంతా వినబడేలా అరిచేసింది. అదీకాక ఇంక ఆవిడకి అబద్ధం చెప్పనని దారిలో కాలవలో నీళ్ళు పుచ్చుకుని ఒట్టేసుకుని వచ్చింది. పాపం, ఏ దారీ లేకుండా పోయింది దానికి.

ఏడవకే. ఏడుస్తావేం? కథేగా. కళ్ళు తుడుచుకో. ఇంకొంచెమే ఉంది.

వరహాలు వీర్రాజు మలారంలో పగిలిన గాజుపెంకులు తీసుకుని, ఆ కుర్చీ రంగంతా గీకేసింది. వేళ్ళు తెగాయి, అయినా గీకింది. రంగైతే పోయింది. నునుపెక్కణ్ణించి వస్తుంది? మనిషి చెయ్యి తగిలి తగిలి వచ్చిన నునుపు అది. దానికి ఏళ్ళు కావాలి. సరే, ఏళ్ళయితే ఏళ్ళే అనుకుంది. రోజూ దీపాలవేళ కుర్చీ పక్కన నేల మీద కూచుని, కుడివైపు కొసన వేలితో తాళం వేయడం మొదలెట్టింది. టక్, టక్, టక్. వేస్తూ వేస్తూ అత్తకి ఇల్లు చెప్పేది. ఆవిడ అడక్కపోయినా చెప్పేది.

"అద్దం లేదత్తయ్యా, గోడ బోసిగా ఉంది. పీట లేదు, బిందె నేల మీదే పెట్టాను. కుర్చీ మచ్చలు మచ్చలుగా ఉంది." ఉన్నదున్నట్టు చెప్పేది.

అచ్చియ్యమ్మ వినేది. విని, "నా దిగులు పోగొట్టాలని ఎంత పాటు పడుతున్నావే" అనేది. ఎంత ప్రేమగా అనేదంటే, వరహాలుకి తిట్టినా బాగుండుననిపించేది. చీరచెంగు నోట్లో కుక్కుకుని అవతలికి వెళ్ళిపోయేది.

ఆ ఏడు వానాకాలం వచ్చింది. అచ్చియ్యమ్మకి జ్వరం పట్టుకుంది. మూడో నాడు పోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకునే పోయింది.

ఆ తర్వాత మాణిక్యం వచ్చి, "ఆ డొక్కు కుర్చీ తీసి పారెయ్యవే, కొత్తది పంపిస్తాను" అంది. వరహాలు తల ఎత్తి, "మీ ఇల్లు మీకు బాగుంటుంది వదినా. మా ఇంటికి ఇదే బాగుంటుంది" అంది. ఆ మాట మాణిక్యం మొదటిసారి వచ్చినప్పుడే అనుంటే ఎంత బాగుండేది!

మళ్ళీ లక్ష్మీవారం సంతకి వెళ్ళడం మొదలెట్టింది వరహాలు. ఇప్పుడు ఏది తేవాలన్నా కళ్ళు మూసుకుని ముట్టుకుని తెచ్చేది. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. దేనికీ దేనికీ పోలిక లేదు. ఇల్లు మళ్ళీ నిండింది. వచ్చినవాళ్ళు మళ్ళీ లేవబుద్ధి కావడం లేదనేవారు. ఏ పడవ వచ్చినా చిలకల అద్దం ఉందా అని అడిగేది. ఎప్పుడూ లేదనే చెప్పేవారు.

దీపాలవేళ తాళం మాత్రం మానలేదు. ఏళ్ళు గడిచాయి. వరహాలు జుట్టు నెరిసింది. ఒక సాయంత్రం అలా వేలు వేస్తూ ఉంటే వేలికి ఏదో తగిలింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది. రవ్వంత గుంట. వేలు ఒదిగేటంత గుంట. అచ్చం పాతదిలాగే పడింది.

"అత్తయ్యా, ఇదిగో, పట్టుకు చూడండి" అంది, ఖాళీ చాప వైపు తిరిగి.

అన్న తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు ఆ గుంటలో వేలు అలాగే ఉంచుకుని, దీపం కొండెక్కేదాకా కూచుంది.

అంతేనే. ఇంకేం లేదు. ఊఁ కొట్టక్కర్లేదు, కళ్ళు మూసుకో. నీ చెయ్యేదీ? ఇలా నా చేతిలో పెట్టు. ఆఁ.

కథ పోయింది కంచికి,
కునుకొచ్చింది మంచానికి.
చిలకల అద్దం ఏ ఇంటికో,
చిట్టితల్లి నిద్ర మన ఇంటికి.